తొంభై మందికి అతిమధురం

ఎండుద్రాక్ష పంచిన ఇంటిని ఆ వీధి పిల్లలు పదకొండేళ్ళయినా క్షమించలేదు. మూల ఇంట్లో పళ్ళ డాక్టరుంటాడు. ఒక ఏడాది ఆయన బుద్ధి గడ్డి తిని పిల్లలకి బ్రష్షులు పంచాడు. తెల్లారేసరికి ఆ బ్రష్షులన్నీ ఆయన వాకిట్లో చెట్టుకే వేలాడుతూ కనిపించాయి. వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుక్కునే బిచ్చగాళ్ళ రాత్రంటే డిమోయిన్ ఊరి పిల్లలకి అంత పట్టింపు. అక్టోబరు ముప్పయ్యిన సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, వసారాలో దీపం వెలిగే ప్రతి గడపా వాళ్ళదే. మెట్లెక్కాలి, ఒక జోకు చెప్పాలి, సంచి చాపాలి. జోకు చెప్పని వాళ్ళకి ఏమీ పెట్టరు. పెట్టేది బాగాలేకపోతే ఆ ఇంటి పరువు ఏళ్ళ తరబడి గంగలో కలుస్తుంది.

ఇదంతా చిన్నప్పట్నుంచీ తెలిసిన మార్లా, ఈసారి ఉప్పు అతిమధురం బిళ్ళలు పంచుతానంది.

"ఏం పంచుతావూ?" అంది అర్డిస్, కళ్ళజోడు తీసేసి.

అర్డిస్ ఆ ఇంటి యజమానురాలు. డెబ్భై నాలుగేళ్ళు, నోటికి అడ్డూ ఆపూ లేదు. పై వాటాలో ఆవిడ ఒక్కతే ఉంటుంది, కింది వాటాలో మార్లా అద్దెకుంటోంది. ఇద్దరూ కింద వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, ఏం పంచాలో చీటీ రాసుకుంటున్నారు. నలభై ఏళ్ళుగా ఆ గుమ్మంలో పంచుతున్నది అర్డిసే. ఈ ఏడాది మోకాళ్ళు సహకరించక, ఆ పని మార్లాకి అప్పజెప్పింది.

"నల్ల బిళ్ళలండీ. పెల్లా ఊళ్ళో డచ్ వాళ్ళ కొట్లో దొరుకుతాయి. రెండేసి బిళ్ళలు వేసి అతికించిన చిన్న పొట్లాలు. మీరు శనివారం ఎలాగూ అటు మీ చెల్లెలి దగ్గరికి వెళ్తున్నారుగా."

"తెలుసమ్మాయ్, ఎందుకు తెలీదూ! మా ఆయన మాట విని ఒకసారి నోట్లో వేసుకున్నాను. తారురోడ్డు నాకినట్టుంది. పిల్లలకి పెడతావా అది? మన గుమ్మం మీదే ఉమ్మేసి పోతారు. వేరుశనగ చాక్లెట్లు రాస్తా, కారమెల్ రాస్తా, అందరూ తినేది రాస్తా."

"అవే కావాలి" అంది మార్లా.

అడిగి తెప్పించుకోవడం తప్ప తనంతట తాను వెళ్ళి కొనుక్కునే వీలు మార్లాకి లేదు. ఆమె ఎడమ కాలి చీలమండకి అగ్గిపెట్టెకి రెండింతలున్న నల్లటి డబ్బా ఒకటి, జైలుకి బదులుగా కోర్టు వాళ్ళు బిగించింది, ఉంది. వసారాకి మూడు మెట్లు. పై మెట్టు మీద కూర్చోవచ్చు, నించోవచ్చు. రెండో మెట్టు మీద అడుగు పడిందంటే డబ్బా కూస్తుంది, ఎక్కడో ఆఫీసులో దీపం వెలుగుతుంది, పది నిమిషాల్లో పోలీసు కారు వస్తుంది. జూన్ నుంచీ ఆమె ప్రపంచం మూడు గదులు, ఒక వసారా, ఒక మెట్టు. మొదట్లో జైలు కన్నా ఇది నయమనుకుంది. ఆగస్టు వచ్చేసరికి ఆ మాట అనుకోవడం మానేసింది. జైల్లో కిటికీలోంచి ఐస్‌క్రీం బండి కనపడదు, తాళం చెవి మన దగ్గరే ఉండదు. ఇక్కడ తలుపు బార్లా తెరిచే ఉంటుంది, ఊరంతా ఎదురుగానే ఉంటుంది. ఒక్కొక్కసారి సాయంత్రం పూట ఆమె ఆ పై మెట్టు మీద నిలబడి, రెండో మెట్టు కేసి చూస్తూ ఉండిపోయేది.

చేసిన తప్పు చిన్నది కాదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం తాగి, ఆ తాగుడు మీదే బడికి వెళ్ళి, ఎనిమిదేళ్ళ కూతురు టెస్సాని కారెక్కించుకుంది. ఇంటికి నాలుగు మలుపుల దూరంలో కారు కల్వర్టుని గుద్దింది. టెస్సా కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. మార్లాకి గీత కూడా పడలేదు. తనకేమీ కాలేదన్న సంగతే ఆమె ఇప్పటికీ మింగలేకపోతోంది.

పిల్ల ఇప్పుడు తండ్రి కర్ట్ దగ్గరుంది. మార్లా విడిగా ఉండబట్టి అప్పటికే రెండేళ్ళు. జనవరిలో జడ్జి మళ్ళీ పిలుస్తాడు. అప్పటిదాకా పిల్లని చూడకూడదు, ఫోన్ చెయ్యకూడదు, ఉత్తరం రాయకూడదు, కానుకలు పంపకూడదు. ఏ ఒక్కటి తప్పినా జనవరి మీద ఆశ వదులుకోవలసిందే. పర్యవేక్షణ ఆఫీసరు ఆ మధ్య వచ్చినప్పుడు మార్లా అడిగింది, బిచ్చగాళ్ళ రాత్రి గుమ్మంలో కూర్చోవచ్చా అని. "కూర్చో, ఎవరు కాదన్నారు. కానీ మీ పాప వచ్చిందంటే మాత్రం లోపలికి వెళ్ళి తలుపేసుకోవాలి, ముందే చెప్తున్నా" అన్నాడు. కర్ట్ ఇల్లు అక్కడికి అయిదు వీధుల అవతల. తాగుబోతు మాజీ భార్యకి ఇల్లు అద్దెకిచ్చే వాళ్ళు ఊళ్ళో అర్డిస్ తప్ప ఇంకెవరూ దొరకలేదు గనక ఆ దగ్గరతనం అలా వచ్చిపడింది. ఆమె అడ్రసు రాసి కోర్టు పంపిన కాగితాలు కర్ట్ కవరు కూడా విప్పలేదని, అమ్మ ఎక్కడో దూరాన డవెన్‌పోర్ట్‌లో ఆసుపత్రిలో ఉందని పిల్లకి చెప్పాడని, అర్డిస్ చర్చిలో విని మోసుకొచ్చింది.

ఇప్పుడు చీటీ మీద పెన్ను ఆనించి అర్డిస్ ఆమె మొహంలోకి చూసింది. "ఇది ఏటా వచ్చే తొంభై మంది పిల్లల కోసం కాదు కదూ."

మార్లా బల్ల మీద రాలిన రొట్టె తునకల్ని వేలితో ఏరింది. "టెస్సాకి అవంటే ప్రాణం. మా అమ్మమ్మ అలవాటు చేసింది. ఊరి మొత్తం మీద వాటిని ఇష్టంగా తినే పిల్ల అదొక్కతే అయ్యుంటుంది. ఇంట్లో చేసినవి పెడితే కర్ట్ పారేస్తాడు, రాత్రికి సంచి బోర్లించి ఒక్కొక్కటీ చూస్తాడు. దానికొక్కదానికే వేరేగా పెడితే కానుక కిందకొస్తుంది, కాగితంలో రాసుంది. అందరికీ పెట్టిందే దానికీ పెడితే ఎవరేమంటారు?"

"అంటే ఒక్క పిల్ల నోరు తీపి చెయ్యడానికి తొంభై నోళ్ళు పాడు చేస్తావన్నమాట."

"అవును."

"ఆ పిల్ల వస్తే తలుపేసుకోమన్నాడుగా ఆ మహానుభావుడు?"

"ముసుగేసుకుని వస్తుంది. ఎవరో నాకెలా తెలుస్తుంది? జోకు వింటాను, పొట్లం వేస్తాను. దాని గొంతు వింటే చాలు నాకు."

"చాలంటావు ఇప్పుడు" అంది అర్డిస్. అని, కారమెల్ కొట్టేసి, నల్ల బిళ్ళలు అని రాసింది.

ఆ వీధికి పిల్లలు తప్పకుండా వస్తారు, దానికేం అనుమానం లేదు. ఎదురింటి ఆయన బుల్లి ముక్కలు కాకుండా మొత్తం చాక్లెట్టు బారే ఇస్తాడని పది వీధుల పిల్లలకీ తెలుసు. కిందటేడు టెస్సా కూడా ఆ చాక్లెట్టు కోసమే ఇటు వచ్చిందని మార్లాకి గుర్తుంది. అప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది తనే.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం అయిదున్నరకే ఆమె స్నానం చేసి, కాలి డబ్బా కనపడకుండా వదులు ప్యాంటు వేసుకుని, వసారాలో కుర్చీ వేసుకు కూర్చుంది. ఒళ్ళో పెద్ద గిన్నె, దాన్నిండా నల్ల పొట్లాలు. అర్డిస్ పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుంది. మెట్ల పక్కన, ఆ వీధిలో అందరిళ్ళ ముందూ ఉన్నట్టే, లోపలి గుజ్జంతా గీకేసి నవ్వు మొహం చెక్కిన గుమ్మడికాయ ఒకటుంది. ఆరు కొట్టగానే వీధి నిండిపోయింది. దెయ్యాలు, మంత్రగత్తెలు, ఒక అట్టపెట్టె రోబో, వెనకాల టార్చిలైట్లు పట్టుకున్న తండ్రులు.

మొదట వచ్చిన నలుగురూ జోకులు చెప్పి, పొట్లాలు పుచ్చుకుని, మర్యాదగా దిగి వెళ్ళారు. కాలిబాట మీద ఒకడు పొట్లం చించి నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత వినపడిన చప్పుడు ఇంకొక రకంగా అర్థం చేసుకోవడానికి వీల్లేనిది.

"థూ! ఏంట్రా ఇది, ఉప్పగా ఉంది!"

"టైరు ముక్కరా అది, తినకు!"

"అమ్మా, నోరు కడుక్కోవాలి!"

అర్డిస్ దుప్పటి మూతికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. మార్లా కూడా నవ్వింది, మొదటి అరగంట. రోబో తిరిగొచ్చి "ఆంటీ, ఇది మీరు పొరపాటున ఇచ్చినట్టున్నారు" అని పొట్లం గిన్నెలో పడేసి వెళ్ళినప్పుడూ నవ్వింది. కానీ పిల్లల నోళ్ళు ఊరుకుంటాయా. ఆరున్నర దాటేసరికి మలుపు దగ్గరే ఎవరో అరుస్తున్నారు, "ఆ ఇటుకల ఇంటికి పోకండ్రోయ్, అక్కడ టైరు ముక్కలు పెడుతున్నారు!" అంతే. గుంపులు గుంపులుగా వచ్చిన పిల్లలు ఎదురింటికి వెళ్ళి, అటునుంచి అటే పక్కింటికి పోయారు. వసారాలో దీపం వెలుగుతూనే ఉంది. మెట్లెక్కే వాళ్ళు లేరు.

ఏడయింది. కిందటి శనివారం బిళ్ళలు తెప్పించుకున్నప్పుడే ఇంత సంగతి ఎలా తట్టలేదో మార్లాకి అర్థం కాలేదు. ఈ ఊళ్ళో పుట్టి, తనూ చిన్నప్పుడు ఇలాంటి ఇళ్ళ ముందు ముక్కు మూసుకుని పరిగెత్తిన మనిషి. టెస్సా ఒక్కతే రాదు కదా. నలుగురితో వస్తుంది, నలుగురు వద్దన్న ఇంటి ముందు ఆగదు. కూతుర్ని రప్పిద్దామని చేసిన పనే కూతురికి అడ్డుగోడ అయింది. జూన్ నుంచీ వేరేవాళ్ళు కట్టిన గోడల మధ్య ఉంది, ఇది మాత్రం స్వయంగా కట్టుకుంది.

"పైన మూడు సంచుల చాక్లెట్లు దాచాను" అంది అర్డిస్ మెల్లిగా. "ఇలా అవుతుందని నాకు తెలుసు. తెమ్మంటావా? పావుగంటలో మళ్ళీ వరస కడతారు."

మార్లా గిన్నెలోని నల్ల పొట్లాల్ని చేత్తో కలిపింది. చాక్లెట్లు పెడితే పిల్లలొస్తారు, టెస్సా వచ్చినా వస్తుంది. కానీ దాని సంచిలో పడేది అందరిళ్ళల్లోనూ పడేదే. అమ్మ పెట్టినది అని దానికి తెలిసే దారి ఉండదు. తెలియడం ఎందుకు, గొంతు వింటే చాలన్నావుగా, అని లోపల్నుంచి ఒక మాట వచ్చింది. అప్పుడు గానీ తను ఎంత అబద్ధమాడుకుందో ఆమెకి తెలియలేదు.

"తెండి" అంది చివరికి.

అర్డిస్ మోకాళ్ళు పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళింది. ఆవిడ మేడమెట్లు ఎక్కుతున్న చప్పుడు ఇంకా ఆగకముందే ఎర్ర నక్క వేషం ఒకటి కాలిబాట మీంచి తిరిగి, గుమ్మం కేసి రావడం మొదలెట్టింది. ఒక్కతే ఉంది. వెనక దూరంగా, ఎదురింటి ముందు, పొడుగాటి మనిషి ఒకాయన ఇంకొకాయనతో మాట్లాడుతూ అటు తిరిగి నిలబడ్డాడు. నక్క సంచిని ఎడమ చేత్తో పట్టుకుంది. కుడిచేతిలో ఏవో గుప్పెట పట్టి ఉంది.

మార్లా లేచి నిలబడింది. తలుపు రెండడుగుల వెనక ఉంది. ఆఫీసరు చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఆమె కదలలేదు.

నక్క మూడు మెట్లూ ఎక్కి గుప్పెట విప్పింది. ఏడెనిమిది నల్ల పొట్లాలు.

"ఇవి మీరేనా ఇస్తున్నది? వాళ్ళు పారేస్తుంటే నా చాక్లెట్లిచ్చి మార్చుకున్నాను. నాకివి ఇష్టం. వాళ్ళు రావద్దన్నారు, నేనే వచ్చాను."

మార్లా మిగతా వాళ్ళతో అన్న మాటే వెతుక్కుని అంది. "జోకు చెప్పాలి మరి."

"అస్థిపంజరం ఎంత తిన్నా ఎందుకు లావెక్కదు?"

"ఏమో. ఎందుకూ?"

"తిన్నదంతా నేలమీదే పడుతుంది."

మార్లా నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది. ఆమె నవ్వు చివర ముక్కులోంచి చిన్న గురక వస్తుంది, ఎంత ఆపుకున్నా ఆగదు. నక్క ముసుగు నుదుటి మీదికి జరిగింది. కింద టెస్సా మొహం, చెమట పట్టి, నోరు తెరుచుకుని ఉంది.

"అమ్మా?"

"టెస్సా" అంది మార్లా. ఆ ఒక్క మాటతో జనవరి చేయి జారిపోయినట్టే. ఆ క్షణానికి ఆమెకి ఆ సంగతే తట్టలేదు.

పిల్ల దగ్గరికి రాలేదు. గిన్నె కేసి, తలుపు కేసి, లోపల కనపడుతున్న వంటింటి బల్ల కేసి చూసింది. "నువ్వు డవెన్‌పోర్ట్‌లో ఉన్నావన్నాడు నాన్న."

"లేదమ్మా."

"ఇక్కడే ఉన్నావా? ఎప్పట్నుంచి?"

"జూన్ నుంచి."

"జూన్ నుంచా!" టెస్సా కాసేపు లెక్కపెట్టుకుంది. "నా పుట్టినరోజు ఆగస్టులో. నేను సైకిల్ మీద ఈ వీధిలోంచే వెళ్తాను తెలుసా?"

"తెలుసు. రెండుసార్లు చూశాను."

అనకూడని మాట. నోట్లోంచి వచ్చాక గానీ మార్లాకి తెలీలేదు.

"చూసి పిలవలేదా నువ్వు?"

పిలవకూడదమ్మా, జడ్జి వద్దన్నాడు, కాగితంలో రాసుంది. తొమ్మిదేళ్ళ పిల్లతో ఈ మాటలు ఎలా అనాలో ఆమెకి తెలియలేదు. వంగి ప్యాంటు అంచు పైకి లాగి, కాలి డబ్బా చూపించింది. టెస్సా తల వంచి చాలాసేపు దాన్ని చూసింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి రా." పిల్ల పొట్లాలు సంచిలో వేసి, దాన్ని భుజానికి తగిలించుకుని, తల్లి చెయ్యి పట్టుకుంది. "నాన్న అక్కడే ఉన్నాడు. చూపిద్దాం రా. నాలుగడుగులే."

ఆరు నెలల తర్వాత ఆ చెయ్యి మళ్ళీ చేతిలో పడింది. పట్టుకున్నది ఏప్రిల్‌లో విరిగిన చెయ్యే. పట్టు గట్టిగానే ఉంది. మార్లా పై మెట్టు అంచుదాకా వెళ్ళింది. టెస్సా అప్పటికే రెండో మెట్టు దిగి, మూడోదాని మీద ఉంది, వెనక్కి తిరిగి లాగుతోంది. అడుగు వేస్తే డబ్బా కూస్తుంది, పిల్ల ఎదురుగా పోలీసు కారు వస్తుంది. ఇంకొకసారి అమ్మ పక్కన నిలబడి, పిల్ల ఆ నీలం దీపాలు చూస్తుంది.

"రాలేనమ్మా."

"రాలేవా? రావా?"

"రాలేను. ఈ మెట్టు దాటకూడదు నేను."

"నేను దాటానుగా. ఏం కాలేదుగా. రా!"

మార్లా పై మెట్టు మీద కూలబడింది. చెయ్యి మాత్రం వదల్లేదు. టెస్సాయే మెల్లిగా వేళ్ళు విడిపించుకుంది.

కర్ట్ వచ్చేశాడు. పరిగెత్తుకు వచ్చినవాడు మెట్ల దగ్గర ఆగిపోయాడు. మార్లా మొహం, పిల్ల మొహం, చివరికి గిన్నె, వరసగా చూశాడు. ఆమె ఈ ఇంట్లో ఉంటుందని నిజంగానే ఆయనకి తెలీదు.

"ముసుగుంది కర్ట్" అంది మార్లా. "నాకు తెలీలేదు."

"తెలీలేదా?" గిన్నెలోంచి ఒక పొట్లం తీసి చూపించాడు. "ఊళ్ళో ఈ దరిద్రాన్ని తినేది మీరిద్దరే."

"జడ్జికి చెప్తావా?"

"జడ్జి సంగతి తర్వాత." ఆయన గొంతులో కోపం ఉండాల్సిన చోట అలసట ఉంది. "ఇంటికెళ్ళి దీనికేం చెప్పను? అది చెప్పు ముందు."

కర్ట్ కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. టెస్సా ముసుగు కిందికి లాక్కుంది. మెట్ల మీంచి దిగి, రెండడుగులు వేసి, ఆగింది. వెనక్కి తిరగలేదు.

"నువ్వు దూరంగా ఉన్నావనుకున్నప్పుడే బాగుంది" అంది.

తండ్రీ కూతురూ మలుపు తిరిగే దాకా మార్లా చూసింది. పేరు పెట్టి పిలవాలని నోటిదాకా వచ్చింది, నోరు నొక్కుకుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల హాయిగా ఉంది, డవెన్‌పోర్ట్ చాలా దూరం గనక. ఈ రాత్రి నుంచి పక్క మీద పడుకుని, అయిదు వీధులు లెక్కపెట్టుకుంటుంది. సైకిలెక్కిన ప్రతిసారీ, ఇటు తిరగాలా అటు తిరగాలా అని ఆలోచిస్తుంది. తను ఉన్న ఇరుకులోకి కూతుర్ని కూడా లాక్కుని తలుపేసింది మార్లా. రెండు నల్ల బిళ్ళల ఆశ చూపించి మరీ లాక్కుంది.

అర్డిస్ చాక్లెట్ల సంచులతో వసారాలోకి వచ్చింది. మెట్టు మీద కూర్చున్న మనిషిని చూసింది. చాక్లెట్లు గిన్నెలో కుమ్మరించి, నల్ల పొట్లాలని అడుక్కి తోసేసింది.

"లోపలికి పో అమ్మాయ్. ఇంకో ఇరవై నిమిషాలు నేను చూసుకుంటాను."

మార్లా లేవలేదు. లోపలికి వెళ్ళినా అవే మూడు గదులు. ఇంతట్లో ఎవరో చూసి కేక పెట్టారు, ఇటుకల ఇంట్లో చాక్లెట్లొచ్చాయిరోయ్ అని. వీధి మళ్ళీ గుమ్మం కేసి తిరిగింది. అందరికన్నా ముందు రాక్షసబల్లి వేషం వేసుకున్న ఒక బుడ్డది, తోక ఈడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా మార్లా మోకాళ్ళకి ఎదురుగా నిలబడింది.

"ఆంటీ, జోకు చెప్పనా?"

"చెప్పమ్మా" అంది మార్లా.

"గుమ్మడికాయ ఎప్పుడూ ఎందుకు నవ్వుతూ ఉంటుంది?"

"ఎందుకు?"

"లోపలున్నదంతా గీకి పారేశారు కదా. ఇంక కడుపునొప్పెలా వస్తుంది?"

చెప్పి, సంచి చాపి, ఆమె నవ్వే దాకా ఇచ్చేది పుచ్చుకోనన్నట్టు అక్కడే నిలబడింది. మార్లా నవ్వింది.